తేజ వచ్చాడా, వచ్చిందా?

(అమలాపురంలో కాబోయే అమ్మానాన్నల కోసం, వాళ్ళ ఇంటి పెద్దల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ముందు వరసలో ఉన్న అమ్మల్లో కొందరికి నెలలు దగ్గరపడ్డాయి. కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇవాళ పేర్ల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ఒక రకం పేర్లు: పాపైనా బాబైనా పెట్టుకోదగ్గవి, లేదా ఇవాళ ఒకరికే పెడుతున్నా రేపు ఇద్దరికీ చెల్లే సత్తువ ఉన్నవి. యూనిసెక్స్ పేర్లంటున్నారు వీటిని. మనం ఉమ్మడి పేర్లందాం. ఇవి నిన్నగాక మొన్న బయటి నుంచి వచ్చినవని చాలామంది అనుకుంటారు. మన కాలవ గట్ల మీద ఇవి ఎప్పట్నుంచో ఉన్నాయి.

మన నదినే చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మూడు పేర్లూ మగవాళ్ళ నుంచి వచ్చినవే. గౌతముడు, వశిష్ఠుడు, వినత కొడుకు గరుత్మంతుడు. నది మాత్రం మనకి తల్లి. గౌతముడి పేరుకి చివర 'ఇ' తగిలి గౌతమి అయింది. ఆ పేరు ఇక మగపిల్లాడికి పెట్టలేం, వాడికి విడిగా గౌతమ్ ఉంది. వశిష్ఠ, వైనతేయ అలా కాదు. చివరి 'డు' ఊడిపోయిందంతే, పేరు తల్లికి అతికిపోయింది. ఒకే డెల్టాలో తలుపు మూసిన పేరు ఒకటి, తెరిచి ఉంచిన పేర్లు రెండు. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ తేడా గురించే. పేరు ఎవరిదో తేల్చేది దాని అర్థం కాదండి, దాని తోక.

దీనికి మంచి రుజువు మన ఋతువుల్లో ఉంది. సంస్కృతంలో వసంతం పుంలింగం, గ్రీష్మం పుంలింగం, శరత్తు స్త్రీలింగం. మరి మనమేం చేశాం? వసంత అని ఆడపిల్లకి పెట్టాం, గ్రీష్మ అనీ ఆడపిల్లకే పెట్టాం, శరత్ అని అబ్బాయికి పెట్టాం. పూర్తిగా తలకిందులు! ఎందుకంటే తెలుగు చెవి వ్యాకరణం చూడదు, పేరు ఎలా ముగిసిందో వింటుంది. పొల్లుతో ముగిస్తే మగ: శరత్, ప్రసాద్, చరణ్. 'అ' మీద మెత్తగా ఆగితే ఆడవైపు మొగ్గు: వసంత, రమ, సుధ. ఇందు అంటే చంద్రుడు, మేఘం కూడా పుంలింగమే. అయినా ఇందూ మేఘా మన అమ్మాయిలే.

గృహ్యసూత్రాల్లో మగపిల్లాడికి సరి అక్షరాలు, ఆడపిల్లకి బేసి అక్షరాలతో చివర దీర్ఘం ఉన్న 'ఆ' ఉండాలని చెప్పారు. అక్షరాల లెక్క పక్కన పెట్టి చివరి దీర్ఘం వరకూ చూస్తే రమా, సీతా, కళా అలాంటివే. తెలుగు ఆ దీర్ఘాన్ని కుదించేసింది: రమ, సీత, కళ. ఆ కుదింపుతో ఆడపేరుకున్న గుర్తు చెరిగిపోయింది. ద్రౌపదికి కృష్ణా అని పేరు, నల్లనిది కాబట్టి. సంస్కృతంలో ఆమె కృష్ణా, ఆయన కృష్ణః. తెలుగులో ఇద్దరూ కృష్ణే. ఋగ్వేదంలో పెళ్ళి సూక్తంలో పెళ్ళికూతురి పేరు సూర్యా. తెలుగులో రాస్తే సూర్య. అమ్మాయికి సూర్య అని పెడితే ముక్కున వేలేసుకునేవాళ్ళకి ఈ మాట చెప్పండి.

ఇప్పుడు మన భాష మనకిచ్చిన ఇంకో వెసులుబాటు. హిందీలో 'నేను వచ్చాను' అనాలంటే అమ్మాయి ఒకలా, అబ్బాయి ఇంకోలా అనాలి. మనకి నేను వచ్చాను, నువ్వు వచ్చావు, ఎవరైనా ఒకటే. చిక్కంతా ఎదురుగా లేని ఒక్క మనిషి గురించి చెప్పేటప్పుడే: తేజ వచ్చాడా, వచ్చిందా? అక్కడ కూడా మర్యాదగా అంటే, తేజగారు వచ్చారు, చిక్కు పోయింది. గౌరవించి మాట్లాడినప్పుడు తెలుగు ఆడా మగా అడగదు. ఈ మాట నాకెంతో ఇష్టం.

సరే, పేరు ఎలా ఏరాలి? మీ మనసులో ఉన్న పేరుని ముందు నోటితో పరీక్షించండి. మూడు వాక్యాలు పైకి అనండి: 'ఫలానా వచ్చాడు', 'ఫలానా వచ్చింది', 'ఫలానాగారు వచ్చారు'. మొదటి రెండూ చెవికి అడ్డం తగలకుండా పోతే ఆ పేరు తెరిచి ఉన్నట్టు. భాను వచ్చాడు, భాను వచ్చింది. మధు వచ్చాడు, మధు వచ్చింది. ఎక్కడా అడ్డం లేదు. 'ఉ'తో ముగిసే పేర్లు ఈ పరీక్షలో బాగా నెగ్గుతాయి. అయితే ఇందు, బిందు, సింధు వాడుకలో అమ్మాయిలవైపు బాగా వాలిపోయాయి. భాను, మధు మాత్రం ఇప్పటికీ మధ్యలో నిలిచే ఉన్నాయి.

తర్వాత జంట పరీక్ష. ఈ పేరుకి వాడుకలో జోడీ ఉందా? హర్షిత్–హర్షిత, శ్రావణ్–శ్రావణి, కల్యాణ్–కల్యాణి. జోడీ ఉంటే మీ పేరు ఉమ్మడి కాదు. మీరు ఎంత ఇష్టపడి అబ్బాయికి శ్రావణి అని పెట్టినా బడిలో మొదటిరోజే హాజరుపట్టీలో శ్రావణ్ అని దిద్దేస్తారు. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడికి వెళ్ళే ఉంటారు. ఒకే రాతిలో ముందు కేశవుడు, వెనక మోహిని. ఆ ఉమ్మడి రూపానికి మొక్కుకుని పేరు పెట్టాలనుకునేవాళ్ళకి కూడా మోహన్ అనో, మోహిని అనో ఒకవైపే దొరుకుతుంది. జోడీ ఉన్న పేరుతో వచ్చే ఇబ్బంది ఇదే. చైతన్య, తేజ, సత్య, సూర్య, సాయి వీటికి జోడీ లేదు. ఆ పేరుకి అదే జోడీ.

ఇక్కడ ఒక కుటుంబాన్ని దగ్గర్నుంచి చూద్దాం. తేజస్వి, యశస్వి, మనస్వి, ఓజస్వి. మీకు సన్యాసి–సన్యాసిని, యోగి–యోగిని తెలుసు కదా? అదే లెక్కలో తేజస్వి అంటే తేజస్సు గలవాడు, ఆడపిల్లయితే తేజస్విని. కానీ మన చెవికి 'ఇ' ఆడపేరులా వినిపిస్తుంది కాబట్టి తెలుగువాళ్ళు తేజస్వి అని అమ్మాయిలకే ఎక్కువ పెట్టారు. బీహార్‌లో తేజస్వీ యాదవ్ మగవాడు. క్రికెట్‌లో యశస్వి జైస్వాల్ పేరు మీ అందరికీ తెలుసు. వ్యాకరణం అబ్బాయివైపు లాగుతుంది, వాడుక అమ్మాయివైపు లాగుతుంది. అందుకని పేరు సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. తెలుగులో ఉమ్మడి పేరుకి ఇంతకంటే సారవంతమైన నేల లేదని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త: అమ్మాయి అయితే రాసేవాళ్ళు అలవాటుకొద్దీ 'ని' చేర్చి తేజస్విని చేసేస్తారు. ప్రతి కాగితం మీదా ఆ చివరి అక్షరం చూసుకోవాలి.

మన పాత పేర్లలో ఇంకో పొర ఉంది. రత్నం, మాణిక్యం, ముత్యం, కనకం, బంగారం, సత్యం. వస్తువుల పేర్లు, గుణాల పేర్లు, 'అం'తో ముగిసేవి. ద్రాక్షారామంలో అమ్మవారు మాణిక్యాంబ. ఆ తల్లి పేరున మాణిక్యమ్మలూ ఉన్నారు, మాణిక్యాలరావులూ ఉన్నారు, వట్టి మాణిక్యం అని ఇద్దరూ ఉన్నారు. అన్నవరం కొండ మీద స్వామి వీర వెంకట సత్యనారాయణ, అమ్మవారు అనంతలక్ష్మీ సత్యవతీదేవి. ఇద్దరి మధ్యా ఉమ్మడిగా ఉన్నది సత్య! ఈ జిల్లాల్లో ఇంటికో సత్య ఉండటానికి ఆ కొండే కారణం. క్రైస్తవ కుటుంబాల్లో ఆశీర్వాదం, సంతోషం, కృప, కరుణ ఉన్నాయి. ముస్లిం కుటుంబాల్లో నసీమ్, షమీమ్ ఆడా మగా ఇద్దరికీ పెడతారు. ఇళ్ళలో పిలుచుకునేవి చూస్తే బుజ్జి, చిట్టి, పండు, చంటి. వీటికి ఆడా మగా తేడా ఎప్పుడు చూశామండి? కూతుర్ని 'నాన్నా' అని పిలిచే నేల ఇది.

అయితే ఇంటి గడప దాటి బడి రిజిస్టరులోకి వెళ్ళేసరికి పేరుకి తోక తగులుతుంది. సత్యం కాస్తా సత్యనారాయణ, సత్యవతి అవుతుంది. రావు, మూర్తి, ప్రసాద్, కుమార్ ఒకవైపు, లక్ష్మి, కుమారి, దేవి, వతి ఇంకోవైపు. పంజాబువాళ్ళది కూడా ఇదే పద్ధతి. గుర్‌ప్రీత్, హర్‌ప్రీత్, మన్‌జీత్ ఇద్దరికీ ఒకటే, వెనక సింగ్ వస్తే మగ, కౌర్ వస్తే ఆడ. దీన్ని మీరు వాడుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే ముందు భాగం ఉమ్మడిగా పెట్టి, వెనక వాళ్ళు కోరిన తోక తగిలించండి. భానుప్రకాష్, భానులక్ష్మి. పెద్దయ్యాక బిడ్డ భాను అని పిలిపించుకుంటే చాలు. కానీ తోక ముందుకి రాకూడదు. లక్ష్మీభాను అంటే జనం నోట్లో లక్ష్మే మిగులుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉమ్మడి పేరనగానే అందరూ ఆడపిల్లకి మగపేరు పెట్టడానికే సిద్ధపడతారు. మగపిల్లాడికి ఆడవైపు పేరు పెట్టమంటే వెనకడుగు వేస్తారు, వెక్కిరిస్తారేమోనని. దీనివల్ల ఏం జరుగుతుందంటే, అమ్మాయిలకి ఆ పేరు పెరిగేకొద్దీ అబ్బాయిలకి పెట్టడం మానేస్తారు. పదిహేను, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అది ఆడపేరుగా స్థిరపడిపోతుంది. ఇంగ్లీషులో యాష్లీ, లెస్లీ, బెవర్లీ మొదట మగపేర్లే, అలాగే జారిపోయాయి. కాబట్టి పేరు ఉమ్మడిగా నిలవాలంటే మగపిల్లల తల్లిదండ్రులు పూనుకోవాలి. తులసి, శాంతి, జ్యోతి, కీర్తి అబ్బాయిలకి పెట్టండి. బెంగాల్‌ని 23 ఏళ్ళు ఏలిన ముఖ్యమంత్రి జ్యోతి బసు. దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌గారి పేరులో మొదటి మాట ఏమిటి? అల్లూరి సీతారామరాజు పేరు మొదలయ్యేది ఎవరితో? మన ఊళ్ళలో గౌరీశంకర్లు, దుర్గారావులు, జానకిరామయ్యలు, నూకాలమ్మ పేరున నూకరాజులు ఎంతమంది! అమ్మవారి పేరు మోసే మగవాడు మనకి కొత్త కాదు.

పేరున్నవాళ్ళు కూడా పేరు వాలును మార్చేస్తారు. కాకినాడ దగ్గర పుట్టిన సూర్యకాంతంగారు తెరమీద గయ్యాళి అత్తగా ఎంత బాగా నటించారంటే, ఆ పేరు ఆడపిల్లలకి పెట్టడానికే జనం జంకారని చెప్పుకుంటారు. అందుకని ఒకే ఒక్క నటుడో ఆటగాడో గుర్తొచ్చే పేరు ఇప్పుడే పెట్టకండి. కనీసం ఇద్దరు ముగ్గురు, వేరేవేరే రంగాల్లో, ఆడా మగా ఉన్న పేరు చూసుకోండి.

(సభలోంచి ఒక పెద్దావిడ: మరి నక్షత్రం చూసుకోవద్దా బాబూ?)

చూసుకోండమ్మా, తప్పకుండా. నక్షత్ర పాదానికి అక్షరం ఉంటుంది గానీ ఆ అక్షరానికి ఆడా మగా లేదు. శతభిషం తీసుకుందాం: గో, సా, సీ, సూ. రెండో పాదానికి సాయి, సత్య. మూడో పాదానికి సింధు. నాలుగో పాదానికి సూర్య. విశాఖకి తీ, తూ, తే, తో: రెండో పాదానికి తులసి, మూడో పాదానికి తేజ, తేజస్వి. మఖకి మా, మీ, మూ, మే: మొదటి పాదానికి మధు, మణి. ఉత్తరాభాద్ర రెండో పాదం 'శం' వస్తే శశి బాగుంటుంది. ఆర్ద్రలో 'ఙ' వస్తే ఆ అక్షరంతో పేరే లేదు, పురోహితులు పక్క అక్షరం చెబుతారు. సరి, బేసి అక్షరాల పట్టింపు ఉన్న ఇల్లయితే, సత్య రెండక్షరాలు, శ్రీసత్య మూడు. బియ్యంలో ఉంగరంతో రాసేటప్పుడు ఏది రాసినా పిలిచేది సత్యే.

ఇక కాగితాల సంగతి. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా చెబుతాను.

జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్ళే పంపుతారు. ఆ నమోదుకి పేరు అక్కర్లేదు. పేరు గడి ఖాళీగా వదలొచ్చు. 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ళ వరకూ ఆలస్య రుసుముతో చేర్చొచ్చు. కాబట్టి ఆసుపత్రి మంచం మీద ఎవరో తొందరపెడుతున్నారని ఏదో ఒక పేరు చెప్పేయకండి. బారసాల దాకా ఆగండి, ఇంకో నెల ఆగినా నష్టం లేదు. కానీ ఏడాది దాటనివ్వొద్దు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికి, పాస్‌పోర్టుకి, ఆధార్‌కి, ఓటుకి అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు ఈ జనన ధ్రువపత్రమే. అందులో పడ్డ తప్పు ఆ బిడ్డ వెంట జీవితాంతం నడుస్తుంది.

ఉమ్మడి పేరుతో వచ్చే అసలు తప్పు పేరులో జరగదు, పక్కన ఉన్న లింగం గడిలో జరుగుతుంది. రాసే మనిషి 'తేజ' చూసి అడక్కుండా మగ అని నొక్కేస్తాడు. అందుకే ధ్రువపత్రం చేతికి రాగానే, అక్కడే కౌంటరు దగ్గరే నిలబడి మూడు చూడండి: తెలుగులో పేరు, ఇంగ్లీషులో పేరు, లింగం. లామినేషన్ తర్వాత. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, లింగం ఒక్కసారే. ఆ అవకాశాన్ని గుమస్తా తొందరపాటుకి ఖర్చుపెట్టుకోవద్దు. టీకాల కార్డు, బడి అడ్మిషన్ రిజిస్టరు, తర్వాత పదో తరగతి మార్కుల జాబితా, హాస్టల్ జాబితా, రైలు టికెట్టు, అన్నిచోట్లా పేరునిబట్టి ఊహించకుండా గడి చూసి రాయమని చెప్పండి. లింగం గడి ఉన్నది అందుకే కదా, ఆ పని పేరు నెత్తిన ఎందుకు?

జర్మనీలో ఈ ప్రశ్నే కోర్టుకెక్కింది, అదీ మన భారతీయ పేరు మీద. ఒక పాపకి కిరణ్ అని పెడితే, ఆడో మగో తెలియడం లేదు, ఇంకో పేరు జతచేయండి అన్నారు నమోదు అధికారులు. 2008లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తల్లిదండ్రుల పక్షాన తీర్పిచ్చింది. పేరు చూడగానే లింగం తెలిసిపోవాలని చట్టంలో ఎక్కడా లేదంది. మన దేశంలో అటువంటి నిబంధన ఎప్పుడూ లేదు. కిరణ్ బేడీ, కిరణ్‌కుమార్ రెడ్డి ఇద్దరూ ఏ గొడవా లేకుండా ఉద్యోగాలు, పదవులు చేశారు. పైగా కిరణ్ పొల్లుతో ముగిసే పేరు. పొల్లు ఉన్నా తెరిచి ఉన్న కొద్ది పేర్లలో అదొకటి.

ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటే స్థిరం చేసుకోండి. సత్యని 'టి'తో రాస్తారా, 'టిహెచ్'తో రాస్తారా, మొదటిరోజే తేల్చుకోవాలి. సంఖ్యాశాస్త్రం అని చివర ఇంకో 'ఏ' తగిలిస్తే సూర్య ఇంగ్లీషులో సూర్యా అవుతుంది, అక్షయ కాస్తా అక్షయా అవుతుంది. పేరు ఆడవైపు ఒరుగుతుంది. చివర ఒక్క 'ఏ' కూడా లేకపోతే అక్షయ్ అయి మగవైపు ఒరుగుతుంది. మీకు తెలిసిన ఐదుగురికి పేరు చెప్పి ఇంగ్లీషులో రాయమనండి. ముగ్గురు ఒకేలా రాస్తే అదే ఖాయం చేసుకోండి.

ఇంత శ్రమ ఎందుకని అడగొచ్చు. పుట్టబోయే బిడ్డ ఎలా ఉంటుందో, పెద్దయ్యాక తనని తాను ఏమనుకుంటుందో మనకి తెలియదు. ఉద్యోగం దరఖాస్తు తెరిచినవాళ్ళు పేరు కంటే ముందు చదువు చూడాలని కోరుకుంటాం. పేరు ఆ బిడ్డకి చొక్కా లాంటిది, పెరగడానికి కాస్త చోటుంచి కుట్టించాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక గర్భిణి: మా మామగారి పేరు సత్యనారాయణ, మా అమ్మ పేరు భానుమతి. రెండువైపులా పేరు కావాలంటున్నారండి.)

మీకు అదృష్టం కలిసొచ్చిందమ్మా, రెండింట్లోనూ ఉమ్మడి ముక్క ఉంది. తోకలు కోసేస్తే సత్య, భాను. ఇక కలిపే వరస. సత్యభాను అంటే వినేవాళ్ళు సత్యభామ అనుకుంటారు, అబ్బాయి పుడితే వాడు రోజూ దిద్దుకోవాలి. భానుసత్య అంటే ఆ గొడవ లేదు, మీ అమ్మగారి పేరు ముందుంటుంది, మామగారి పేరు చివర నిలుస్తుంది. రెండూ కలిపి ఒకే మాటగా రాయించండి. విడగొడితే పాస్‌పోర్టు దగ్గర సత్యని ఇంటిపేరు గడిలో వేసేస్తారు, మీ అసలు ఇంటిపేరు పోతుంది. ముందు ఈ పేరుని మీ అత్తగారి చేత నాలుగుసార్లు గట్టిగా పిలిపించండి, వీధి చివర్నుంచి అన్నానికి పిలిచినట్టు. ఆవిడ నోట్లో అది భానూ అవుతుందో, సత్యా అవుతుందో, బిడ్డకి మిగిలే పేరు అదే.